ఎడమ బూటులో లోపం

ఫిబ్రవరి 10, 2025

ఇవాళ్టి నుంచి నడవడమే నా ఉద్యోగం.

హైదరాబాద్ కంపెనీ వాళ్లు నరసరావుపేటలో ఒక గది తీసుకున్నారు. అక్కడ కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని, కాళ్లకు ఒక రకం బూట్లు తొడుక్కుని నిలబడాలి. కళ్లకు ఏటి ఒడ్డు కనిపిస్తే కాళ్లకు ఇసక తగులుతుంది. బురద కనిపిస్తే బురద తగులుతుంది. కింద ఉండేది మాత్రం మామూలు టైల్సే. బూటు అడుగున చిన్న చిన్న మోటార్లు అదురుతూ కాలిని అలా నమ్మిస్తాయట. ఏ నేల మీద అడుగు ఎలా పడుతుందో ఆ మోటార్లకు తెలియాలంటే, ముందు ఎవరో ఒకరు అసలు నేల మీద నడిచి రికార్డు చెయ్యాలి. ఆ పని నాది. నాకిచ్చిన బూట్లలో మోటార్లు లేవు, సెన్సర్లున్నాయి. మాచర్ల చుట్టుపక్కల రాతి నేల, నల్లరేగడి, మిరప కళ్లాలు, కృష్ణ ఇసక అన్నీ దొరుకుతాయని నన్ను ఎంచుకున్నామని నీలిమ చెప్పింది. నరసరావుపేట గదిని చూసుకునే ఇంజనీరు ఆ అమ్మాయే.

నడవటం కూడా ఉద్యోగమేనా అని కోటిబాబు నవ్వాడు. (మా ఆయన్ని పైకి పేరు పెట్టి పిలవను. ఇక్కడ రాస్తాను.) నాకు నవ్వు రాలేదు. పదిహేనేళ్లు బడిలో ఆటల టీచరుగా చేశాను. ఖోఖోలో రాష్ట్రానికి ఆడాను. పోయినేడు బడి మూసేశాక ఇంట్లోనే ఉన్నాను. లక్ష్మీతిరుపతమ్మ కాళ్లతో ఇంకా పనుందని ఒకరు పిలిచారు. అది చాలు.

ఫిబ్రవరి 12

నరసరావుపేట వెళ్లాను. చివరికి తయారయ్యేది ఏమిటో నేనూ చూడాలని నీలిమ నాకు హెడ్‌సెట్ పెట్టి మోటార్ల బూట్లు తొడిగింది. ఎదురుగా అమరావతి రేవు. కుడి కాలు వేస్తే ఇసక మడమ కింద కుంగి పక్కలకు జారింది. ఒళ్లు ఝల్లుమంది. ఎడమ కాలికి ఏమీ లేదు. మడత పెట్టిన బొంత మీద నిలబడినట్టుంది.

ఎలా ఉందని అడిగింది. అచ్చం ఇసకే అన్నాను.

ఎడమ బూటుకి చార్జింగ్ అయిపోయి ఉంటుంది. కొత్తగా చేరినదాన్ని, వచ్చీ రాగానే వంకలు పెట్టడం బాగుండదు.

ఫిబ్రవరి 18

గురజాల దగ్గర మిరప కళ్లంలో నడిచాను. కాయలు తీసేసిన చోట గట్టి మట్టి, పైన గింజలు. మౌలాలీ ఆటో మాట్లాడుకున్నాను. మా వీధి చివర ఉంటాడు, యాభై దాటాయి. అతని కూతురికి నేనే ఆటలు నేర్పాను. అందుకే నన్ను టీచరమ్మా అంటాడు. రోజంతా దగ్గు ఆగలేదు ఇద్దరికీ. ఫైలు పంపించాను.

ఫిబ్రవరి 26

కుడి కాలి ఫైళ్లు అన్నీ బాగున్నాయట. ఎడమ కాలివి మళ్లీ తిప్పి పంపారు.

మార్చి 4

నీలిమ ఫోన్ చేసింది. ఎడమ బూటులో సెన్సర్ పోయినట్టుంది, కొత్తది పంపిస్తానంది. నాకూ మొదటినుంచీ అదే అనుమానం అని చెప్పాను.

మార్చి 9

నాపరాళ్ల క్వారీ పక్కన పారబోసిన ముక్కల మీద నడక. ఒక రాయి కదిలింది. మోచెయ్యి గీరుకుంది.

కోటిబాబు రాళ్లు పాలిష్ పట్టే మిల్లులో పని చేస్తాడు. ఆ ముక్కల గుట్టలు అతనికి బాగా తెలుసు. నిజం చెబితే వాటి మీద ఎందుకు నడిచావు అంటాడు. ఆటో రేకు గీరుకుందని చెప్పాను.

మార్చి 15

కొత్త బూటు వచ్చింది. రెండు రోజులు నడిచి పంపాను. అదీ అంతే. ఒకే చోట తయారైనవి కాబట్టి ఒకే లోపం ఉంటుంది. నీలిమతో అదే అన్నాను.  ఆ అమ్మాయి, నడిచేటప్పుడు వీడియో తీయించి పంపగలరా అక్కా అంది. చూస్తానన్నాను.

మార్చి 21

ఎడమ కాలి చెప్పు ఊరికే జారిపోతోంది. బజారుకి వెళ్లి వెనక పట్టీ ఉన్నవి కొన్నాను. కాలేజీలో ఫైనల్ ఆడినప్పుడు ఆ చీలమండ బెణికింది. పాత బెణుకులు ఎండాకాలం బయటపడతాయి.

వీడియో తియ్యలేదు.

ఏప్రిల్ 2

అమ్మ ఆబ్దికం. పిన్ని వచ్చింది. భోజనాలయ్యాక పాత సంగతులు మొదలుపెట్టింది. మా లింగమ్మక్కకి మొదట్లో ఏమైందంటే, అని ఎత్తుకునేసరికి నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమాను. అమ్మ ఆరేళ్లు మంచంలో ఉంది. నడుము కింద ఏదీ కదిలేది కాదు. అన్నీ నేనే చేశాను. ఇంకేం రాయను.

ఏప్రిల్ 8

ఎండ బాగా ముదిరింది. నల్లరేగడి నెర్రెలిచ్చిన చేలో నడవాలి. కళ్లు తిరిగినట్టై వేపచెట్టు కింద కూర్చున్నాను. మౌలాలీని ఆ బూట్లు వేసుకుని అటుచివరిదాకా వెళ్లి రమ్మన్నాను. అతనివీ నావీ పాదాలు ఒకటే కొలత. నవ్వుకుంటూ వెళ్లొచ్చాడు. ఆ ఫైలే పంపించాను. నేల నేలే కదా, ఎవరు నడిస్తే ఏం.

ఏప్రిల్ 9

రెండు కాళ్లూ పాసయ్యాయి.

ఏప్రిల్ 11

ఎండ. వెళ్లలేదు.

ఏప్రిల్ 16

ఇప్పుడు మౌలాలీయే నడుస్తున్నాడు. నేను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తిరగాలో చెప్తాను. ఆ బూట్లు వేసుకుంటే క్రికెట్ ఆటగాడిలా ఉందంటాడు. ఎండ తగ్గాక నేనే నడుస్తాను. ఈలోగా కాలికి విశ్రాంతి ఇచ్చినట్టు ఉంటుంది.

ఏప్రిల్ 29

ఫైళ్లు చాలా బాగా వస్తున్నాయని నీలిమ అంది. గొంతులో సంతోషం లేదు. పని ఎక్కువై ఉంటుంది.

మే 8

రెంటచింతల. అంత ఎండలో ఎవరూ బయటికి రారు. మెత్తబడిన తారు మీద అడుగు రికార్డు కావాలని కంపెనీ అడిగింది కాబట్టి వెళ్లాం. మౌలాలీ రోడ్డు మీద నడుస్తుంటే నేను నీళ్ల కోసం ఎదురుగా ఉన్న ఇంటికి వెళ్లాను. మరియమ్మ అనే పెద్దామె ఉంది. గేటు దగ్గర చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాను. వాకిలంతా నాపరాళ్లు పరిచి ఉన్నాయి. పాదం ఆనగానే ఎడమ కాలు చుర్రుమంది. గబుక్కున ఎత్తేసి కుడి కాలి మీద నిలబడ్డాను.

నిజం రాస్తున్నాను, సంతోషమేసింది. ఎడమ కాలికి వేడి తెలిసింది. ఈ కాలికి ఏమీ కాలేదనుకున్నాను. ఒంటికాలి మీద నిలబడే ఆమెతో మాట్లాడాను. చర్చి పండగకి వాళ్ల అమ్మాయి రాబోతోందని ఏదో చెప్తోంది. మధ్యలో ఆగి నా కాలి వంక చూసింది.

"అమ్మాయ్, కాలుతల్లా నీకు?"

లేదన్నాను.

"ఆ రాయి మీద నేను గొడ్డును కూడా నిలబెట్టను. ఇట్టా నీడలోకి రా ముందు."

చెయ్యి పట్టుకుని లోపలికి లాగి పాదం తిప్పి చూసింది. కుడి అరికాలు పొక్కింది, రూపాయి బిళ్లలంత బొబ్బలు రెండు. నాకు ఏ నొప్పీ లేదు. ఆమె నీళ్లు పోస్తుంటే చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియలేదు. తడి మాత్రం తెలిసింది.

మే 9

బెణికింది ఎడమ కాలు. బొబ్బలెక్కింది కుడి కాలు.

మే 10

కోటిబాబుకి చెప్పాలి. మిల్లులో పని తెమలగానే చెప్తాను.

మే 12

మధ్యాహ్నం నీలిమ వచ్చింది. ముందుగా ఫోన్ చెయ్యలేదు. బస్సు దిగి అడుగుతూ వచ్చిందట. చెమటకి చున్నీ మెడకు అంటుకుపోయింది. మజ్జిగ ఇచ్చాను. తాగి లాప్‌టాప్ తీసింది.

ఏప్రిల్ నుంచి వచ్చిన ఫైళ్లు నావి కాదని తనకి తెలుసంది. బరువు వేరు, అడుగుల మధ్య దూరం వేరు. మౌలాలీ సంగతి చెప్పేశాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆ అమ్మాయి దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఫిబ్రవరి, మార్చిలో నేను నడిచినవి వరసగా తెర మీద పెట్టింది. రెండు పాదాల బొమ్మలు, బరువు పడే చోట ఎర్రగా. కుడి పాదంలో ముందు మడమ ఎర్రబడి తర్వాత వేళ్లు. ఎడమ పాదంలో ముందు వేళ్లే. వేలి కొసలు నేలను గీరుకుంటూ పోయిన గీత. మొదటి వారం సన్నగా ఉంది. మార్చి ఆఖరుకి ముదిరింది.

"బూటు బాగానే ఉందక్కా," అంది. "మొదట ఇచ్చింది కూడా బాగానే ఉంది. వెనక్కి తెప్పించుకుని నేనే తొడుక్కుని నడిచి చూశాను."

తెర మీద ఆ గీతనే చూస్తున్నాను.

"ఆ రోజు మా గదిలో ఇసక మీద నడిచారు కదా. ఎడమ కాలికి ఇసక తెలిసిందా?"

"తెలవలా."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. అప్పుడే చూశాను, గుమ్మంలో కోటిబాబు. అన్నానికి వచ్చినట్టున్నాడు, ఒంటి మీద తెల్లటి రాతిపొడి అలాగే ఉంది. ఎప్పటినుంచి నిలబడ్డాడో. లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచే?"

చలికాలం నుంచి అని చెప్పాను. చెప్పు జారడం, మోచెయ్యి, రెండుసార్లు బాత్రూం దగ్గర పడటం, అన్నీ చెప్పాను. నా కుడి పాదం లాక్కుని కట్టు విప్పి చూశాడు. కింద చిందిన వేడి నూనె తొక్కానని చెప్పి ఉన్నాను అతనికి.

"మీ అమ్మ లాగ అయితదని భయపడ్డావా?"

తల ఊపాను.

"నాకు చెబితే ఏమయ్యేది?"

 అతను అన్నం తినకుండానే బయటికి వెళ్లాడు. కోపమొచ్చి వెళ్లాడనుకున్నాను. మిల్లుకి రానని చెప్పడానికి వెళ్లాడు.

మే 14

గుంటూరు. ముగ్గురం వెళ్లాం. నీలిమ కూడా వచ్చింది.

నరాల డాక్టరు. సన్నటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. రెండు కొమ్ముల ఇనుప పుల్లను బల్లకేసి కొట్టి చీలమండ ఎముక మీద ఆనించాడు. కుడి వైపు జుమ్మని అదిరింది. ఎడమ వైపు ఒట్టి ఇనుము. తర్వాత చన్నీళ్ల గాజు గొట్టం. ఎడమ కాలికి చల్లగా తగిలింది. కుడి కాలికి గొట్టం తగిలినట్టుంది, చల్లదనం లేదు. ఒక కాలికి అదురు తెలియదు, ఒక కాలికి వేడీ చలీ తెలియవు. ఇదేం వింత అనుకున్నాను. డాక్టరుకి వింతగా లేదు. నా మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూసి, ఇవాళే ఎమ్మారై తీయించమన్నాడు.

నీలిమ తన లాప్‌టాప్ చూపిస్తానంటే వద్దంటాడేమో అనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం చూశాడు.

మే 15

వీపు మధ్యలో, వెన్నెముక లోపల గడ్డ ఉంది. వెన్నుపామును ఎడమ వైపు నుంచి ఒత్తుతోంది. మెల్లగా పెరిగే రకమట. ఫోటోలో చూస్తే ఉసిరికాయ కన్నా చిన్నది. కేన్సర్ లాగ కనపడటం లేదు గానీ తీసి పరీక్ష చేస్తేనే ఖాయంగా చెప్పగలనన్నాడు డాక్టరు. అదురు తెలిసే నరాలు ఏ కాలివి ఆ వైపే పైకి వెళ్తాయి, వేడి తెలిసేవి అటునుంచి ఇటు దాటి వెళ్తాయి, అందుకే ఒక్కో కాలికి ఒక్కో రకంగా అయిందని కాగితం మీద గీసి చూపించాడు. ఇంకో ఏడాది ఆగితే రెండు కాళ్లూ పోయేవి. ఆపరేషన్ చేస్తే ఇప్పటికి పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేను, ఇక ముందుకు పోకుండా ఆపగలను అన్నాడు.

కోటిబాబు బయటికి వెళ్లి మందుల చీటీ పట్టుకుని నిలబడ్డాక నేను మళ్లీ లోపలికి వెళ్లాను.

"మా అమ్మకి కూడా ఇట్టాగే చెప్పులు జారినయ్ సార్. తర్వాత కాళ్లు పడిపోయినయ్. ఆమెకీ ఇదేనా?"

"అప్పట్లో స్కాన్ తీశారామ్మా?"

"లేదు సార్. నాటు వైద్యం చేయించాం."

"తీయకుండా చెప్పలేమమ్మా."

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఆరేళ్లు అమ్మను ఇటు తిప్పి అటు తిప్పి పడుకోబెట్టాను. వీపుకి నూనె రాసినప్పుడల్లా ఈ చెయ్యి ఆ చోటు మీదుగానే పోయి ఉంటుంది.

మే 18

రేపు ఆపరేషన్. కోటిబాబు గుండు చేయించుకుంటానని మాచర్ల చెన్నకేశవస్వామికి మొక్కుకున్నాడట. అతనికి జుట్టు ఎక్కడుందని నీలిమ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

జూన్ 3

పెన్ను పట్టుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆపరేషన్ అయి లేచాక రెండు కాళ్లూ కదల్లేదు. డాక్టరు వాపు అన్నాడు, తగ్గుతుందన్నాడు. నేను నమ్మలేదు. కోటిబాబు నన్ను ఇటు తిప్పి అటు తిప్పి పడుకోబెడుతుంటే గోడ వైపు తిరిగి ఏడ్చాను. అతను దుప్పటి సర్ది వెళ్లి కిటికీ దగ్గర నిలబడేవాడు.

నాలుగో రోజు కుడి బొటనవేలు కదిలింది. అతనే ముందు చూశాడు. నర్సును పిలవలేదు. మళ్లీ కదుపు అన్నాడు నెమ్మదిగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

గడ్డ మంచిదే. కేన్సర్ కాదు.

జూన్ 14

ఇంటికొచ్చాను. మౌలాలీ బత్తాయిలు తెచ్చాడు.  బాగా నొచ్చుకున్నాడు.

"నా నడకని నీదని పంపించావంట టీచరమ్మా."

అవునన్నాను.

"నువ్వు ఎండకి తాళలేక కూర్చున్నావనుకున్నా. కాళ్లు బాగలేవని ఒక్క ముక్క చెబితే ఆ ఆటోలోనే గుంటూరు తీసుకుపోయేవాణ్ణి గదా. నెల రోజులు తిప్పా నిన్ను, గుంటూరు తప్ప అన్ని చోట్లకీ."

తప్పైందని చెప్పాను. ఒక బత్తాయి ఒలిచి చేతిలో పెట్టి లేచాడు.

జూన్ 15

నీలిమకు ఫోన్ చేసి ఏప్రిల్ నుంచి పంపిన ఫైళ్లన్నీ మౌలాలీ పేరు మీదికి మార్చమన్నాను. మార్చేసిందట అప్పుడే. అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంటారా అని అడిగాను. బూట్లు అతని దగ్గరే ఉన్నాయి కదా అంది.

జూన్ 30

వాకర్ పట్టుకుని వసారా చివరిదాకా. చెమటతో జాకెట్ తడిసిపోయింది. బడిలో పిల్లల్ని గ్రౌండ్ చుట్టూ ఇంకో రౌండ్ అని తరిమేదాన్ని. వాళ్లు మనసులో నన్ను ఏం తిట్టుకునేవాళ్లో ఇప్పుడు తెలిసింది.

జూలై 17

గుంటూరు వెళ్లి చూపించుకొచ్చాం. కుడి కాలికి వేడి కొంత తెలుస్తోంది. ఎడమ కాలి పట్టు సగం వచ్చింది, మిగతాది వస్తుందో రాదో. నడకలో కొంచెం ఈడుపు ఉండిపోతుంది, ఎప్పటికీ ఉండొచ్చు అన్నాడు డాక్టరు. పరిగెత్తగలనా అని అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఖోఖో ఆడే ఆడది ఒకతె ఉండేది, ఆమె ఇక లేదు. అంతే.

కంపెనీ వాళ్లు నా ఫిబ్రవరి, మార్చి ఫైళ్లు ఇలాంటి జబ్బుల మీద పనిచేసేవాళ్లకి చూపించుకుంటామని అడిగారు. సరేనన్నాను. ముందు లోపం అని తిప్పి పంపినవే అవి.

ఆగస్టు 6

వాకర్ మానేసి కర్ర. కోటిబాబు మిల్లుకి వెళ్తున్నాడు. పొద్దున వెళ్లేముందు బిందె నింపి అందుబాటులో పెడతాడు, సాయంత్రం వచ్చి నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూస్తాడు. అడగడు. నేను చెప్తానేమోనని చూస్తాడు. బాగానే ఉన్నాను అంటే సరేనని వెళ్లి స్నానం చేస్తాడు. నమ్మాడో లేదో వీపును బట్టి తెలియదు.

ఆగస్టు 23

మూడు రోజుల నుంచి వాన. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. ఇంటి వెనక ఖాళీ స్థలంలోకి కర్ర పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. ఎవరూ పంపలేదు, ఏ రికార్డూ లేదు. వెళ్లాలనిపించింది. నల్లమట్టి నాని జిగురుగా ఉంది. నాలుగడుగులు బాగానే వేశాను. ఐదోదానికి ఎడమ కాలు మట్టిలో ఉండిపోయి నేను ముందుకొచ్చేశాను.

బోర్లా పడ్డాను. చేతులు, మోకాళ్లు, చీర అంతా మట్టి. కర్ర అందనంత దూరంలో పడింది. కాసేపు అలాగే కూర్చున్నాను. పక్కింటివాళ్లు ఎవరూ చూడలేదు. పాకుతూ గోడ దాకా వెళ్లి, గోడ పట్టుకుని లేచాను. స్నానం చేసి, చీర ఉతికి ఆరేశాను. గుమ్మం దగ్గర మట్టి అడుగులు కడిగేశాను. ఏమీ జరగనట్టే ఉంది ఇల్లు.

సాయంత్రం కోటిబాబు వచ్చాడు. సైకిల్ ఆనించి నా వంక చూశాడు.

"ఇయ్యాళ పడ్డా," అన్నాను.

టవల్ తీసుకోబోయినవాడు ఆగిపోయాడు.

"ఏడ?"

"ఎనకమాల, బురదలో."

"లేపిందెవరు?"

"నేనే లేచా."

దగ్గరికొచ్చి కూర్చున్నాడు. దెబ్బ చూపించమన్నాడు. చీర మోకాలి దాకా పైకి తీసి చూపించాను.